పన్నెండో నంబరు మనిషి

సాక్షి సంతకమే కదా మలోమే, మీ ఇల్లు రాసిమ్మన్నానా? ఇరవయ్యేళ్లుగా ఈ ఫిజియాలజీ ల్యాబు తాళాలన్నీ మీ దగ్గరే ఉన్నాయి, ఒక్క కాగితానికి ఇంత ఆలోచనా? ఊరికేనా, మేనమామ వరస కలిపి డిపార్టుమెంటంతా మిమ్మల్ని మలోమే అంటున్నది?

సరే, నేనే చదువుతా. 'పరిశోధనలో పాల్గొన్న పన్నెండో నంబరు వ్యక్తి గుండె లయలో తేడా కనబడింది. ఆ సంగతి పరిశోధకురాలు లిసెబో ఆ వ్యక్తికి ఏకాంతంగా చెప్పింది.' కింద నా సంతకం, దాని కింద ఆ మనిషిది. మీదొక్కటే మిగిలింది.

ఆనర్సంటే ఏంటో నన్నడగండి. డిగ్రీ అయ్యాక ఒక్కటంటే ఒక్క ఏడాది. పాఠాలు, సెమినార్లు, పరిశోధన, మధ్యలో కరెంటు కోతలు, ఏడుపులు, అన్నీ అందులోనే సర్దుకోవాలి. నా పరిశోధన మీకు తెలియందా, ఐసు బకెట్లు మోసింది మీరే. జూలై నడిచలికాలంలో ఈ బ్లూమ్‌ఫాంటేన్‌లో కుళాయి నీళ్లే కొరికేస్తుంటే, గుండె లయ చూడ్డానికి ఒంటికి తీగలు అతికించి, చెయ్యి నిమిషంసేపు ఐసులో పెట్టమంటే ఎవడొస్తాడు? మనిషికి నూనెలో వేయించిన వేడివేడి మగ్విన్యా బోండాలు రెండేసి పెడతానన్నా పదకొండుమందే వచ్చారు. కావలసింది పన్నెండు.

ఎలాగో దొరికింది లెండి.

మొన్న ఆ పన్నెండో నంబరు గుండె గ్రాఫు చూసి ఎస్టర్‌హైజెన్ ప్రొఫెసరు గారు కుర్చీలోంచి లేచిపోయారు. 'ఎంత ముచ్చటగా ఉందమ్మా లిసెబో. ఆ ఖాళీ చూడు, గుండె కొట్టుకోవడం ఎంత శుభ్రంగా తప్పిందో' అన్నారు. క్లాసంతా మూగింది. కోబస్ అయితే పెళ్లికూతురి ఫోటో తీసినట్టు నాలుగు వైపుల నుంచీ తీశాడు. ఆ గుండె ఒక మనిషిలో ఉందన్న సంగతి కాసేపటికి ఆయనకే గుర్తొచ్చింది, పాపం. 'ఆ వ్యక్తికి చెప్పడం నీ బాధ్యత. సాక్షి సంతకంతో ఫారం శుక్రవారానికి ఇవ్వు. పేరు మాత్రం నాకు చెప్పకు, అది రహస్యం' అన్నారు.

చెప్పాను. హాస్టల్ బాత్రూం అద్దం ముందు నిలబడి, ఎథిక్స్ కమిటీ వాళ్లు నేర్పిన మాటలే, మెల్లగా, మర్యాదగా చెప్పాను. 'కంగారు పడకండి' అని కూడా అన్నాను.

ఏంటలా చూస్తున్నారు? రెండు సంతకాలకీ తోక ఒకేలా ఉందా?

అవును, పన్నెండో నంబరు నేనే. ఆ వేళ మీరు భోజనానికెళ్లారు, ఆ తీగలూ పట్టీలూ నాకు నేనే అతికించుకున్నాను. పరిశోధన చేసేవాళ్లు తమనే లెక్కలో కలుపుకోకూడదని నాకు తెలుసు. తెలిస్తే ప్రాజెక్టు చెత్తబుట్టలోకి పోతుంది, నా ఏడాది దాని వెనకే.

గుండె లయ మీద నలభై స్లైడ్ల సెమినారిచ్చాను, డెబ్బై ఎనిమిది మార్కులొచ్చాయి. ఆ ఖాళీ ఎందుకొస్తుందో ఆరు కారణాలు గడగడా చెప్పగలను. నాలుగు ఏమీ కావు, నవ్వి ఊరుకోవచ్చు. మిగతా రెండూ కూడా నాకు బాగానే వచ్చు.

పెన్ను పక్కన పెట్టారా? పెట్టండి, ఫర్వాలేదు. అట్టడుగున గడి ఉంది చూశారా, 'పాల్గొన్న వ్యక్తికి అంతా అర్థమైంది, ఏ భయమూ లేదు' అని. దానికి టిక్కు పెట్టాను. ఈ కాగితంలో అబద్ధమంటే అదొక్కటే మలోమే.

సంతకం సంగతి తర్వాత. ముందు నాతో క్లినిక్కు దాకా వస్తారా?