బర్రెలు జరిగినయా ప్రేమ్‌రాజన్నా

ఇగో ప్రీతీ, ముందుగల్ల ముక్కు తుడుసుకో. ‘రన్‌వే కనబడ్తున్నది సార్’ అన్నా గూడ టవరాయన నిన్ను దిగనియ్యకుంట పైకి పొమ్మన్నడని, పైలట్ చదువే ఇడిసిపెట్టి ఉప్పుగూడల రైలు దిగినవా? రేడియోల అందరు విన్నరని ఇజ్జత్ పోయిందా? మస్తు ఇజ్జత్‌దారువు గానీ, ఈ నాయినమ్మ కాడ కూసో. మా తమ్ముడు డానియేలు, మీ నాయినకు మేనమామ, నువ్వు పుట్టకముందే పోయిండు, వాడు గూడ టవర్ల కూసొని విమానాలను దించినోడే. పెద్ద ఎయిర్‌పోర్టు గాదు. పొద్దునొకటి, మాపొకటి దిగే చిన్న మైదానం. రాడార్ లేదు, అంటే విమానం యాడున్నదో చూపెట్టే డబ్బా లేదన్నట్టు. పైలట్ నోటితోని చెప్పిందే, వీని కండ్లకు అవుపడ్డదే. గాడ అసలు లొల్లి బర్రెలతోని. కంచె ఎన్నిసార్లు కట్టినా తెంపుకొని గడ్డికోసం రన్‌వే మీదికొస్తుండె, జీపు హారన్ కొట్టుకుంట ఎంబడిపడుతుండె. అప్పట్ల నేను వానికాడనే ఉంటి. అన్నం డబ్బా పట్టుకొని టవరెక్కితే అడిగినోడు లేడు. ఇప్పుడైతే గేటుకాడనే చెప్పులు గూడ ఇప్పించి చూస్తరు. వాని విమానం పుస్తకాలన్ని గాడ కూసొనే చదివిన. బడికి పోకపోతే ఏంది, కండ్లున్నయి గదా.

ఆఁ, ప్రేమ్‌రాజ్. మన కంచన్‌బాగ్ పోరడే, ఆ మైదానానికి విమానం తెచ్చే పైలట్. టోపీ మీద దుమ్ము వాలనియ్యడు, మాట మీద అసలే వాలనియ్యడు. ఒక ఎండకాలం గాలిదుమ్ము లేసి రన్‌వే అవతలి కొస మాకే అవుపడ్తలేదు. రేడియోల ఈయన గొంతు, కులాసాగ: ‘రన్‌వే కనబడ్తున్నది, దిగుతున్న.’ ఎన్క నలుగురు ప్రయాణికులు. మావోడు దుర్బిని పెట్టి చూస్తే విమానం లేదు, ఏం లేదు, ఎర్రటి దుమ్ము. ఇగ ఇంగ్లీషు పక్కకు పెట్టి అడిగిండు: ‘ప్రేమ్‌రాజన్నా, బర్రెలు జరిగినయా, జర చూసి చెప్పు.’ ఈయన టక్కున, ‘ఆ, జరిగినయ్, జరిగినయ్!’ నా చేతుల డబ్బా అట్లనే ఉన్నది. ఎందుకంటవా? ఆ దినం ఒక్క బర్రె లేదు. గా దుమ్ముకు అన్ని ఎప్పుడో ఇంటిబాట పట్టినయ్. డానియేలు గొంతు పెంచలే. ‘అన్నా, ఇయ్యాల బర్రెల్లేవు. పైకి పో.’ నేనైతే ఏసుప్రభువా అనుకుంట డబ్బా కింద పెట్టి ఆ దుమ్ములకే చూస్తున్న. అప్పుడొచ్చింది ఇంకో గొంతు, టోపీ తీసిన గొంతు: ‘డానియేలూ, నాకేం కనబడ్తలేదు.’ ‘గదే చెప్పు మరి. ఫ్యూయలున్నదా? ఉన్నదా, మంచిది. పైన తిరుగు, దుమ్ము తగ్గినంక నేనే పిలుస్త.’ పిలిసిండు. దిగిండు.

దిగి, మెట్లన్ని దడదడ ఎక్కొచ్చి, ‘అందరు వినంగ నా ఇజ్జత్ తీసినవ్ గదరా’ అని ఒకటే లొల్లి, అచ్చం నీలెక్కనే! మావోడు డబ్బా మూత తీసి, ‘అక్క పప్పుచారు తెచ్చింది, తినన్నా’ అన్నడు. తిన్నడు మరి, అలుగుకుంటనే తిన్నడు. గా దినం సంది వీడు అడగకముందే ఆయనే చెప్తుండె: ‘డానియేలూ, ఎడమదిక్కు రెండు బర్రెలు.’ లేకపోతే, ‘ఏం కనబడ్తలేదురా, జర ఆగుత.’ డానియేలు పోయి కొత్తాయన కూసున్నా, గాయనకు గూడ బర్రెల ముచ్చటే చెప్తుండెనంట. పాపం, ఆయన ఈ ప్రేమ్‌రాజ్‌కు పిచ్చిలేసిందనుకున్నడు.

ఇప్పుడు చెప్పు. నీకు రన్‌వే కనబడ్డదా? నేల చూడకు, నన్ను చూడు. కనబడలేదా? అనుకున్న. గీ ముక్క నాకెందుకు, రేపు పోయి ఆ టవరాయనకు చెప్పు. డబ్బా కట్టిస్త, ఆయనకు గూడ. లే ఇగ, పప్పుచారుకు చింతపండు నానేసిందో లేదో మీ అమ్మను అడుగు.