తిరగేసిన చేప

పెంగ్‌హు దీవి, సముద్రపు తల్లి మాజు పాతగుడి. జోస్యం చెప్పే చెక్కబిళ్ళల ముందు అత్తగారు, నెలలు నిండిన కోడలు షూలియెన్.

"వద్దన్నానా, షూలియెన్. బిళ్ళలు నేనేస్తాగా. నిండు కడుపుతో వంగకు."

"రోజూ మీరే వేస్తున్నారు అత్తయ్యా. ఇవాళ నన్ను వెయ్యనివ్వండి."

"ఎవరేస్తే ఏంటి? ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడుతూనే ఉన్నాయిగా. అవునంటూనే ఉందిగా తల్లి. చిన్‌హాయ్ ఏ దీవికో కొట్టుకుపోయుంటాడు. పడవ బాగుచేసుకుని వస్తాడు."

"మీరు మనసులో అడుగుతారు. ఏమడిగారో నాకెలా తెలుస్తుంది?"

"ఇంకేమడుగుతానే? నా కొడుకు బతికున్నాడా అనే."

"మరి నా మొహం చూడరేం?"

"అగరొత్తుల పొగ. కళ్ళు మండిపోతున్నాయి. పద, ఇంటికెళ్ళి గంజి తాగుదువుగాని."

"మొన్న పళ్ళెంలో చేపను తిరగేశారు మీరు."

"ఏంటీ?"

"పైవైపు తినేసి, తిరగేశారు. మగాడు సముద్రం మీద వేటలో ఉండగా చేపను తిరగేస్తే పడవ తిరగబడుతుందని, కాపురానికొచ్చిన కొత్తలో నా చేతిమీద కొట్టారు. గుర్తుందా?"

"ముసల్దాన్ని... ఏదో పరధ్యానం."

"పరధ్యానంలో కూడా మీరలా చెయ్యరు."

"సరే, వేసుకో. నెమ్మదిగా... నా చెయ్యి పట్టుకో. ముందు నీ పేరు చెప్పి, ఆ తర్వాత అడగాలి."

"మనసులోనే అడిగాను."

"ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. అవునంది."

"వరసగా మూడుసార్లు రావాలిగా. ఇంకోసారి."

"మళ్ళీ... మళ్ళీ అవునందే."

"ఇదిగో, మూడోసారి."

"తల్లీ... మూడుసార్లూ. మూడుసార్లూ అవునంది. అయితే ఆ రోజు ఆసుపత్రిలో నాకు చూపించింది వాణ్ణి కాదన్నమాట. మొహం ఆనవాలు తెలిసేలా ఎక్కడుంది? చొక్కా చూసి వాడేననుకున్నాం. అలాంటి చొక్కా ఎవరికుండదు? కాన్పయ్యాక నీకు చెబ్దామని నేనిన్నాళ్ళూ... పోన్లే, ఇంక చెప్పక్కర్లేదు. నా బిడ్డ బతికే ఉన్నాడు."

"అత్తయ్యా."

"పిచ్చిపిల్లా, ఏడుస్తావేం? తల్లి అవునందిగా."

"ఆయన బతికున్నారా అని నేనడగలేదు. మా అత్తయ్య నా దగ్గర ఆయన చావు దాస్తోందా అని అడిగాను."