ముందుగా మోగే ఫోను

హలో… ఆ, నేనే. ప్రత్యూషని. చెప్పు చిన్నాన్నా.

వినిపిస్తోంది, చెప్పు… బస్సుల గోలలే. పోర్ట్ బ్లెయిర్‌లో, అందులోనూ మిడిల్ పాయింట్‌లో సాయంత్రమైతే ఇంతే కదా… ఆ, షాపులోనే ఉన్నాను.

కొత్త అప్‌డేటా? నువ్వు కూడా మొదలెట్టేవా! పొద్దున్నుంచీ ఇదే పని. వచ్చినోళ్ళందరిదీ ఒకటే మాట— ‘దీదీ, మేరే ఫోన్ మే ఆయేగా క్యా?’ అని. ఫోన్ కవరు కొనడానికి వచ్చినోడు కూడా తన ఫోనుకి వస్తుందా అనే అడుగుతున్నాడు.

…

ఆ, నిజమే. భూమి కదిలిందంటే ఫోను తనంతట తనే మోగుతుంది. సైలెంట్‌లో పెట్టినా ఊరుకోదు, గోలగోలగా మోగుతుంది. సముద్రం పొంగే ప్రమాదముంటే అదీ రాసి చూపిస్తుందట… పక్కా. మొన్న గురువారం ఊగింది కదా, దాంతో జనం ఎగబడ్డారు.

లేదు లేదు, అన్ని ఫోన్లకీ రాదు… ఎలాగంటే, ఈ రెండు మూడేళ్ళలో వచ్చినవాటికి వస్తుంది. పెద్ద మోడలైతే కొంచెం పాతదైనా ఇస్తారు. చిన్న మోడళ్ళని కంపెనీ తొందరగా వదిలేస్తుంది… వదిలెయ్యడమంటే వదిలెయ్యడమే. మాట్లాడుకోవచ్చు, వీడియోలు చూసుకోవచ్చు, కొత్తది మాత్రం ఏదీ రాదు.

నీదేటి మోడలు?… మర్చిపోతే సెట్టింగ్స్‌లోకెళ్ళు. అట్టడుక్కి దిగు. ‘అబౌట్ ఫోన్’ అని ఉంటుంది… కళ్ళజోడు పెట్టుకుని చూడు… ఆ, అదే. చదువు… చివర ఏ అక్షరముంది?

…

రాదు చిన్నాన్నా.

రాదంటే రాదు… రాత్రంతా చార్జింగ్‌లో పెట్టినా రాదు. నా షాపులో వైఫై కింద కూర్చోబెట్టినా రాదు… కంప్యూటర్‌లో పెట్టి ఎక్కించడం కూడా కుదరదు, పాడైపోతుంది… అవును, నేనే అమ్మేను. అప్పుడది మంచి ఫోనే. దానికి ఒక మెట్టు పైది ఉంది చూడు, దానికి ఇస్తున్నారు. పిన్ని దగ్గరున్నది అదే. మీ అబ్బాయి మనోహర్ పంపించినది.

…

ఏటీ?

మళ్ళీ చెప్పు, బస్సు పోతోంది.

…

పిన్ని ఫోను నువ్వు తీసుకుని, నీది పిన్నికిచ్చేస్తావా.

… నవ్వడంలేదు. దగ్గొచ్చింది. చెప్పు, ఎందుకలాగ?… ఇంట్లో మగోడికి ముందు తెలియాలి. ఊఁ. నీకు తెలిస్తే నువ్వు అందర్నీ లేపి బయటికి తెస్తావు. పిన్నికి తెలిస్తే కంగారుపడిపోతుంది. … అలాగా.

చిన్నాన్నా, ఒక మాట అడుగుతాను. మొన్న గురువారం ఊగినప్పుడు పిన్ని ఎక్కడుంది?

… బాత్‌రూమ్‌లో. నువ్వు?

… ఊగినప్పుడు సరే, ఆగేసరికి ఎక్కడున్నావు?

… రోడ్డు మీద. గేటు దాటి, బ్రూక్షాబాద్ ఎత్తు సగం ఎక్కేసి ఉన్నావు. చెప్పుల్లేకుండా. లుంగీతో. పక్కింటి కొండబాబు గారు చూసేరు, నాకు చెప్పేరు.

పిన్నిని పిలిచేవా?

… పిలిచేవు. నీళ్ళ చప్పుడుకి పిన్నికి వినపడలేదు.

అమ్మకి కూడా వినపడలేదు కదా.

…

హలో?

… అవును, ఆ మాటే. ఎందుకు తియ్యకూడదు? ఏటా డిసెంబరు ఇరవయ్యారున, సునామీ రోజున కొవ్వొత్తి పట్టుకుని నువ్వు తియ్యట్లేదా? మన పాత ఊరు హట్ బే వాళ్ళందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని చెప్తావు కదా. ఆ కథే నాకు ఇంకొక్కసారి చెప్పు. ఫోన్లో ఎప్పుడూ వినలేదు.

… చెప్పవా? సరే, నేను చెప్తాను. తప్పుంటే దిద్దు.

పొద్దున్నే భూమి ఊగింది. నువ్వు జెట్టీ వైపు వెళ్ళి చూసేవు. సముద్రం వెనక్కెళ్ళిపోయి, బురదలో చేపలు కొట్టుకుంటున్నాయి. నీకు అర్థమైపోయింది. ఇంటికొచ్చి పిన్నినీ పిల్లల్నీ నీ కాంట్రాక్టు పనుల జీపులో ఎక్కించేవు. దారిలో మా ఇంటి ముందు ఆగేవు. నాన్న షిప్పు మీదున్నాడు. హారన్ కొట్టేవు. ‘వదినా, రా, సముద్రం వచ్చేస్తోంది’ అని అరిచేవు. అమ్మ జీపు దాకా వచ్చింది. వచ్చి, ‘అయ్యో కుట్టుమిషను’ అని లోపలికి వెళ్ళిపోయింది. తమ్ముడు అమ్మ వెనకే పోయేడు. నువ్వు చూసి చూసి, అల కనపడేసరికి బండి కదిపేవు.

ఇదే కదా కథ?… ఇదే. ఒక్క అక్షరం మారదు.

చిన్నాన్నా, నేను ఆ వేళ కుళాయి దగ్గరున్నాను.

… తెలుసు. నీకు తెలుసని నాకూ తెలుసు. నోట్లో బ్రష్షు పెట్టుకుని రోడ్డు పక్కనే నిలబడ్డాను. నీ జీపు వచ్చింది. నువ్వు నా మొహం చూసేవు. వెనక మనోహర్ నాకు చెయ్యి ఊపేడు. నువ్వు ఆగలేదు.

… చిన్నపిల్లనే. నాకు తొమ్మిదేళ్ళు. కళ్ళు పెద్దవాళ్ళకి మాత్రమే ఉంటాయేటి?

అమ్మ గుమ్మంలో గొంతుక్కూచుని, అల్మారాలోంచి పడి పగిలిన కప్పుల ముక్కలు ఏరుతోంది. తమ్ముడు లోకేష్ కాలికి గుచ్చుకుంటాయని. నీ జీపు చప్పుడుకి తలెత్తి చూసింది కూడా. మరిది ఏదో పనిమీద పోతున్నాడనుకుని మళ్ళీ తల దించుకుంది. లోకేష్ గాడు పక్కనే ఉన్నాడు, నిక్కరు కూడా లేదు ఆడికి.

లోపలికెళ్ళడమేటి చిన్నాన్నా? బయటికి ఎప్పుడు రమ్మన్నావని?

… 

నేనెలా బతికేనో ఎప్పుడైనా అడిగేవా? నీకు కోపమొస్తుందని ఎవరూ అడగలేదు. నేను చెప్తాను విను. నీ మీద కోపంతో బతికేను. నీ పిల్లల్ని, మనోహర్‌నీ పూజనీ షికారుకి తీసుకెళ్తూ నన్ను ఎక్కించుకోలేదని ఉక్రోషమొచ్చి, నిన్ను తిట్టుకుంటూ జీపు వెనకాల పరిగెత్తేను. పామాయిల్ తోట ఎత్తు దాకా. అక్కడ ఊపిరాడక ఆగి వెనక్కి చూస్తే, కింద మా లైను లేదు. ఇళ్ళు లేవు. నీళ్ళే ఉన్నాయి.

… దేవుడు కాపాడేడా. కాదు, నేను తిట్టుకుంటూ పరిగెత్తేను.

ఆగు, అరవకు. షాపులో కస్టమర్లున్నారు. — ఏక్ మినిట్ భయ్యా, బైఠియే.

ఆ, చెప్పు. ఇన్నాళ్ళూ నోరెత్తలేదేటి అంటావు. ఎత్తేను. సునామీ క్యాంపులో నాన్నమ్మకి చెప్పేను. తన అరచెయ్యి నా నోటికి అడ్డం పెట్టి, ‘ఆడే మనకి దిక్కు, ఈ మాట ఇంకెక్కడా అనకు’ అంది. తరవాత నీ ఇంట్లోనే పెరిగేను కదా. ఎవరితో అంటాను?

… పెంచేవు. కాదనలేదు. అన్నం పెట్టేవు, స్కూల్లో వేసేవు. వచ్చిన చుట్టాలందరికీ నన్ను పిలిచి చూపించేవు, ‘మా అన్నయ్య కూతురు, నా సొంత పిల్లలతో సమానం’ అని. నువ్వలా అన్న ప్రతిసారీ నాకు ముద్ద దిగేది కాదు. సన్నగా ఉన్నానని టానిక్కులు పట్టించేవు.

సరే, భయపడి పారిపోయేవు. అది నేను క్షమించేద్దును. నిజం, చిన్నాన్నా. ప్రాణభయం ఎవరికైనా ఉంటుంది. తరవాత చెప్పిన అబద్ధమే క్షమించలేను. చచ్చిపోయిన మనిషి మీద వేసేవు. కుట్టుమిషను కోసం కన్నకొడుకుని చంపుకుందని ఊరంతా అనుకునేలా చేసేవు.

ఆ మిషను ఎవరు కొన్నారో నీకు తెలియదా? నాన్న. షిప్పు మీద ఓవర్‌టైం చేసి, అమ్మ అడక్కపోయినా తెచ్చిచ్చేడు. ‘నేను తేకపోతే బతికుండును’ అని నాన్న ఎన్నేళ్ళు కుమిలేడో నీకు కనపడలేదా? నీ ఎదురుగుండానే కదా గోడకి తల కొట్టుకున్నాడు? టైలరు షాపున్న వీధిలోకి నాన్న ఇప్పటికీ రాడు. నువ్వు ఆయన భుజం మీద చెయ్యేసి ఏమనేవు? ‘విధి అన్నయ్యా’ అన్నావు. నేను అక్కడే కూర్చుని హోంవర్కు రాసుకుంటున్నాను.

…

నువ్వు హారన్ కొట్టేవని ఇప్పటికీ అంటావా?

… ఒట్టా. ఎవరి మీద ఒట్టు?… మనోహర్ మీద వెయ్యకు, వాడేం పాపం చేసేడు. 

హారన్ పనిచెయ్యలేదు చిన్నాన్నా. దీపావళి నుంచీ పనిచెయ్యట్లేదు. వైరు తెగితే పోర్ట్ బ్లెయిర్ నుంచి సామాను తెప్పించాలని నువ్వే వాయిదా వేసేవు. జీపు మలుపు తిరిగినప్పుడల్లా తలుపు మీద చేత్తో కొట్టేవాడివి.

… నాకెలా తెలుసా? పిన్ని చెప్పింది.

ఆ. మా పిన్నే. నీ శేషమ్మే.

… ఎప్పుడంటే, ఇవాళే. మధ్యాహ్నం వచ్చింది, ఫోనుకి అప్‌డేట్ వేయించుకుందామని. వేసేను. వేస్తుండగా అడిగింది, ‘ఇది మోగితే మీ చిన్నాన్నకి వినపడదు కదా? నాకే కదా వినపడేది?’ అని. నీకు చెప్పకుండా వచ్చిందట. గురువారం తువ్వాలు చుట్టుకుని బాత్‌రూమ్ తలుపు తీసేసరికి ఇల్లంతా ఖాళీగా ఉందట. వీధి తలుపు బార్లా తీసుందట. అప్పట్నుంచీ నిద్ర లేదంది. ‘ఆ రోజు మీ అమ్మని నిజంగా పిలిచేడా ప్రత్యూషా? నేను జీపు వెనకాల పిల్లల్ని పట్టుకుని తల దించుకుని కూర్చున్నాను, నాకేమీ వినపడలేదు. అప్పుడు ముందే చెప్పేనన్నాడు, వాళ్ళు వేరే బండిలో వస్తున్నారన్నాడు, తరవాత మాట మార్చినా నేను నోరెత్తలేకపోయేను’ అని ఏడ్చింది.

అప్పుడు చెప్పేను. నేను చూసిందంతా చెప్పేను. హారన్ సంగతి తనే గుర్తు తెచ్చుకుంది.

… హారన్ పాడైపోయింది, ఏం చెయ్యను అంటావా! ఇప్పుడది సాకా? హారన్ పాడైతే నోరేమైంది? ‘వదినా’ అని ఒక్క కేక చాలదా? బండి ఆపక్కర్లేదు. వెళ్తూ వెళ్తూ అరిచినా అమ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని పరిగెత్తేది. నేను పరిగెత్తలేదా? తొమ్మిదేళ్ళ పిల్లకి అందిన ఎత్తు అమ్మకి అందదా?

…

… ఏడుస్తున్నావా?

ఏడువు. నాకేమీ అనిపించట్లేదు. అనిపిస్తుందేమోనని చాలా ఏళ్ళు భయపడ్డాను. నిన్ను ఎదురుగా నిలబెట్టి అడిగితే జాలిపడిపోతానేమో, నీ అన్నం తిన్నాను కదా అని. పడట్లేదు. నీ ఫోనుకి రాదు అని చెప్పినప్పుడే నాకు ఎంత బాగుందో నీకు తెలియదు. మళ్ళీ చెప్పమన్నా చెప్తాను. రాదు చిన్నాన్నా. భూమి ఊగినా, సముద్రం లేచినా నీ ఫోను నోరెత్తదు. నువ్వు నిద్రపోతూనే ఉంటావు. పక్కన పిన్ని ఫోను మోగుతుంది. పిన్ని లేస్తుంది. లేచి నిన్ను తట్టి లేపుతుందా, చెప్పులేసుకుని వెళ్ళిపోతుందా— అది పిన్ని ఇష్టం. నువ్వు ఆవిడ మొహం చూసి తెలుసుకోవాలి, రోజూ రాత్రి పడుకునే ముందు.

… శాపం పెట్టట్లేదు. ఎలా ఉంటుందో చెప్తున్నాను.

… పిన్నికివ్వాలా? ఫోను పిన్నికివ్వమంటావా? పిన్ని ఇక్కడ లేదు.

… నువ్వు ఎన్నిసార్లు చేసినా ఎత్తదు. నీ కాల్ చూసి ఫోను బోర్లా పెట్టేసింది, నా ముందే.

షాదీపూర్ వెళ్ళింది. నాన్న దగ్గరికి… ఆ, భాస్కరరావు గారి దగ్గరికే. మీ అన్నయ్య దగ్గరికే. నేనే ఆటో ఎక్కించేను.

… ఆపడమా? నేనెందుకు ఆపుతాను? నేను చెప్తే నాన్న నమ్మడు, చిన్నప్పటి కల అనుకుంటాడు. పిన్ని నీ పెళ్ళాం. జీపులో కూర్చున్న మనిషి. ఆవిడ చెప్తే నమ్ముతాడు. ఇన్నేళ్ళు నేను ఆగింది అందుకే. ఇంకో సాక్షి నోరు విప్పుతుందని.

… ఇప్పుడు బయల్దేరతావా? బయల్దేరు. బ్రూక్షాబాద్ నుంచి ఎంతసేపు. వచ్చి ఆయన కాళ్ళు పట్టుకుంటావో, మళ్ళీ కుట్టుమిషను అంటావో, ఈసారి మాత్రం నాన్న ఎదురుగా నేను కూడా ఉంటాను.

… మనోహర్‌కీ పూజకీ తెలియకూడదా? నేను చెప్పను. వాళ్ళమ్మ ఉంది కదా.

… ఏం కావాలంటే? నాకు నీ దగ్గర కావాల్సింది ఏమీ లేదు. అమ్మ పేరు మీద పడిన మచ్చ తుడవాలి, అంతే. వచ్చే డిసెంబరులో ఆ హట్ బే వాళ్ళందరి ముందూ నువ్వు నిలబడి చెప్పాలి. మా వదిన గురువమ్మని నేను పిలవలేదు అని. ఆ ఒక్క ముక్క. కొవ్వొత్తి పక్కనపెట్టి చెప్పు.

… చచ్చిపోతావా. చచ్చిపోవు. నీ సంగతి నాకు తెలుసు. నువ్వు ఎప్పుడూ మిట్ట మీదే ఉంటావు.

ఉండు… ఇంకో కాల్ వస్తోంది.

నాన్న.

… ఎత్తొద్దా?… ఒక్క నిమిషం, ఒక్క మాట వినమంటావా? ఆగమంటావా?

నువ్వు ఆగేవా చిన్నాన్నా?

— 

హలో… నాన్నా.

… ఆ, పిన్ని వచ్చేసిందా. కూర్చోబెట్టేవా? మంచినీళ్ళిచ్చేవా?

… … 

నాన్నా, ఏడవకు… నిజమే. నేను చూసేను. నా కళ్ళతో చూసేను.

… లేదు నాన్నా. ఎవరూ పిలవలేదు. అమ్మకి తెలియనే తెలియదు.

… … మిషనా? లేదు. మిషను దగ్గరికి వెళ్ళనే లేదు. గుమ్మంలో కూర్చుని కప్పు ముక్కలు ఏరుతోంది, తమ్ముడికి గుచ్చుకుంటాయని.

… అవును నాన్నా. ఒట్టు. నువ్వు తెచ్చిన దానివల్ల కాదు.

… …

వచ్చేస్తున్నాను. — భయ్యా, కల్ ఆనా, దుకాన్ బంద్ కర్ రహీ హూఁ. — ఆ నాన్నా, షట్టరు దించేస్తున్నాను. పిన్నిని ఎక్కడికీ పంపకు. నేను వచ్చేదాకా ఎవరొచ్చినా తలుపు తియ్యకు.

పెట్టెయ్.