పచ్చి పూత

మళ్ళీ అదే ప్రశ్నా మేడమ్, ఆ రోజు ఓవెన్లో ఏం జరిగిందని? మొన్న మీకంటే ముందొచ్చినాయన అడిగాడు, నిన్న ఫోన్లో అడిగారు, ఇవాళ మీరు. చెప్పిందే చెప్పి నా నోరు అరిగిపోతోంది. ఓవెన్ దగ్గర నేనుండనండీ. నాది పరీక్షల గది. పద్నాలుగేళ్ళుగా అదే గది, అదే స్టూలు.

సరే, రాసుకోండి. మా ఫ్యాక్టరీలో చేసే చేపల డబ్బా లోపల లేత బంగారు రంగు పూత ఉంటుంది కదా, దాన్ని ముందు రేకు మీద పూసి ఓవెన్లోకి పంపిస్తాం. రెండొందల డిగ్రీలు, పది నిమిషాలు. సరిగ్గా కాలితే గట్టిపడుతుంది. కాలకపోతే పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల మాత్రం పచ్చి. ఆ పచ్చిలో మిగిలిన మందులు మెల్లగా తిండిలోకి దిగుతాయి. డబ్బాలో చేప ముక్కలకి నోరుందా, చెప్పడానికి?

కంటికి తెలిసేది కాదు. అందుకే నన్ను పెట్టుకున్నారు. పూతని కరిగించే సాల్వెంట్‌లో దూది ముంచి రేకు మీద వందసార్లు రుద్దాలి. ముందుకీ వెనక్కీ కలిపి ఒకటి. వంద అయినా పూత ఊడకపోతే పాసు.

ఏమిటి? ఓవెన్ చూసే బాబాయ్ ఒప్పుకున్నాడా? బర్నరు ఆరిపోయిన సంగతి ఎవరికీ చెప్పలేదనా? మరిచిపోయానన్నాడా?

ఒక్క నిమిషం. ఆ నీళ్ళు ఇలా ఇవ్వండి.

ఆయన సంగతి మీకు తెలీదు. గేటు దాకా వెళ్ళి, తలుపు గొళ్ళెం పెట్టానో లేదోనని వెనక్కొచ్చే మనిషి. మరిచిపోతాడా? ఆ మధ్యాహ్నం గ్లవ్స్ అయినా తియ్యకుండా నా గదికొచ్చాడు.

"అమ్మాయ్, మూడో బర్నరు మధ్యలో ఆరింది. మళ్ళీ వెలిగించాను గానీ ఆ కాసేపట్లో పోయిన రేకుల మీద నాకు నమ్మకం లేదు. పక్కన పెట్టించాను. నువ్వు సరేనంటేనే కదుల్తాయి" అన్నాడు.

"చూస్తాలే బాబాయ్" అన్నాను.

మరి అబద్ధం ఎందుకాడాడంటారా? నా కుడి భుజం బిగుసుకుపోయింది మేడమ్. చెయ్యి లేవదు. రెండు నెలలుగా నా జడ మా అత్తగారే వేస్తోంది. జడతోపాటు నాలుగు మాటలు కూడా అల్లుతుంది, అది వేరే సంగతి. డాక్టరు చీటీ ఇక్కడ చూపిస్తే ఈ గదిలోంచి తీసేస్తారు. తీసి ఎక్కడ వేస్తారు? పెట్టెలెత్తే చోటేగా. అందుకని చీటీ పరుపు కిందే ఉండిపోయింది.

ఎడం చేత్తో కుడి చేతిని పట్టుకుని రుద్దుతుంటే బాబాయ్ ఒకసారి కిటికీలోంచి చూశాడు. నన్ను ఏమీ అడగలేదు. ఎవరితోనూ అనలేదు.

అసలు మీరడగాల్సింది అడగరేం? ఆ రోజు ఎన్నిసార్లు రుద్దానని?

నలభై.

నలభై దగ్గర చెయ్యి నాది కాకుండా పోయింది. పూత చెక్కు చెదరలేదు. ఇంకేమవుతుందిలే అని వంద రాసి సంతకం పెట్టాను. చేపల కంపెనీ వాళ్ళు రుద్దితే యాభై రెండో దానికి రేకు బయటపడిందట. ఇంకో పన్నెండు రుద్ది ఉంటే నాకే కనిపించేది.

డబ్బాలన్నీ దుకాణాల నుంచి వెనక్కి తెప్పించారు. తిన్నవాళ్ళకి ఏమీ కాలేదంటున్నారు. నమ్మాలనే ఉంది. కానీ అది ఒక్క రోజులో తెలిసే సంగతి కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

వారంగా ఆయన ఇంట్లో కూర్చున్నాడు, ఉద్యోగం ఉందో లేదో తెలీకుండా. నేనేమో బెల్లం కొట్టిన రాయిలా ఈ స్టూలు మీద కూర్చున్నాను. ఆయన నా తప్పు తన మీద వేసుకుని అడ్డం నిలబడ్డాడని ఇప్పుడు మీరు చెబితేగానీ తెలీలేదు.

రాశారా? నలభై అని స్పష్టంగా రాయండి. నన్నేం చేస్తారో మీ ఇష్టం, పెట్టెలైతే ఎత్తలేను.

ముందు ఆయనకి ఫోన్ చేసి రేపు డ్యూటీకి రమ్మనండి. నేను చెప్పానని మాత్రం అనకండి. తిడతాడు.