పదకొండు మంది బిక్షపతులు

సూరత్, పర్వత్ పాటియా, లాక్‌డౌన్ రోజులు. ఊరికి పోయే రైలు వెళ్లి ఆరు రోజులైంది. ఆ రైలుకు పేర్ల లిస్టు కంప్యూటర్‌లో తయారుచేసిన జమున, సాంచాల మీద బట్ట నేసే బిక్షపతి గడప బయట మాస్కుతో నిలబడింది. ఊళ్లో అతని తల్లి పోయి మూడు రోజులు.

“...యాది మర్సినవా అని అడుగుతున్న, గంతే.”

“మరువలే కాకా. నీ పేరు నేనే ఎక్కిచ్చిన.”

“ఎక్కిస్తే ఏడికి పాయె? స్టేషన్ల నా పేరు పిలువనే లేదు. మా అవ్వ ‘రైలెక్కినవా కొడుకా’ అని ఫోన్ల అడుక్కుంటనే పాణమిడిసింది.”

“కాకా, జర ఇను...”

“ఇంటున్న, చెప్పు.”

“నా ప్రోగ్రాం ఒక్కో ఇంటి ఫారం తీస్కొని, అండ్ల ఉన్న పేర్లను ఒకటెన్క ఒకటి చదువుతది. ఇద్దరు ముగ్గురుంటే మంచిగనే చదివింది. ఒక్కటే పేరుంటే... ఆ పేరునే లిస్టు లెక్క చూసింది. అక్షరానికొక మనిషన్నట్టు చదివింది.”

“అంటే?”

“ఇంగ్లీషుల నీ పేరు పదకొండు అక్షరాలు. బీ ఒక మనిషి, ఐ ఒక మనిషి...”

“ఓర్నీ! నేను పదకొండు మందినా? మరి పదకొండు సీట్లు రావాలె గదనే!”

“నవ్వకు కాకా.”

“నవ్వుతలేను.”

“ఒక్కక్షరం పేరు ఎవలకుంటది, తప్పుపడ్డదే అయితదని, అసొంటియి తీసెయ్యమని నేనే రాసిపెట్టిన. అన్ని పోయినయి.”

“తప్పయిందని కంప్యూటర్ చెప్పదా?”

“చెప్పదు. దానికి పేరైనా లిస్టైనా ఒక్కటే. విడగొట్టుమంటే విడగొడ్తది.”

“నా లెక్క ఇంకెంతమంది?”

“ఒంటిగ రాసినోళ్లందరు. నలభై ఒక్కమంది.”

“ఎప్పుడు తెలిసింది నీకు?”

“రైలు పోయినంక కాకా.”

“ఏ దినమని అడిగేది.”

“రైలు పోయిన తెల్లారి.”

“గన్ని దినాలు కడుపుల పెట్టుకొని, ఇయ్యాల అస్తవా!”

“నీ మొకం చూసుడు శాతగాలే. తిట్టు కాకా. కొట్టినా పడ్త.”

“తిడితే అవ్వ లేసస్తదా? ఒక్కటి చెప్పు. రెండు పేర్లుంటే మంచిగ చదివేదంటవు?”

“చదివేది కాకా.”

“మా ఫారంల ముందు ఇద్దరి పేర్లుండె బిడ్డా. సీట్లు సాలుతలేవన్నరు. జమునా, మీ అవ్వకు ఆయాసం, ముందు ఆమె రైలెక్కాలె అని, ఆమె సీటు కోసం నా పెండ్లాం పేరు నేనే కొట్టేసిన.”