పద్నాలుగో నంబరు చొక్కా

పద్దెనిమిదేళ్ళలో పదకొండు ఫుట్‌బాల్ క్లబ్బులు మారిన ఆటగాడు అదెరీతు ఇప్పుడు సొంత ఊరి క్లబ్బు కాఫీ కొట్లోనే ఆదివారాలు గడుపుతున్నాడు. ఆ కొట్టు గోడకి పాత ఆటగాళ్ళ చొక్కాలు తగిలిస్తున్నారు. ఇక ఒక్క మేకుకే చోటుంది. అది ఎవరికన్నది ముప్ఫై ఏళ్ళు జట్టు బట్టలుతికిన ఎర్మెలింద చెప్పాలి. ఆమె బల్ల వెనక గ్లాసులు తుడుస్తోంది. అందుకే ఆ రోజు అదెరీతు గొంతు కాస్త పెద్దదైంది.

"ఆ వానలో ఆట గుర్తుందా? నేను కొడితే వల చిరిగింది."

"అది ముందే చిరిగుందిలే," అన్నాడు చేపల బెల్మీరు, కాఫీతో నంజుకునే ఉప్పు లూపిన్ గింజ తొక్క ఊస్తూ.

"అది వేరే వల! విను. బంతి వల చించుకుని, గోడ దాటి, చర్చి గంటకి తగిలి ఠంగుమంది. ప్రార్థనకి వేళయిందని జనం మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గంట మీంచి ఎగిరి నేరుగా సముద్రం మీదికి! అక్కడ పడవలో ఉన్న మీ నాన్న దాన్ని తలతో వెనక్కి కొట్టాడు."

"మా నాన్నకి నీళ్ళంటే భయంరా. జన్మలో పడవెక్కలేదు."

"ఆ రోజెక్కాడు, నా కోసం! అంతసేపూ రిఫరీ కాఫీ తాగుతూ కూర్చున్నాడు. తిరిగొచ్చిన బంతిని గాల్లోనే మళ్ళీ తన్నాను. రెండో గోలు! బంతికి మూడు సార్డీన్ చేపలు అంటుకుని వచ్చాయి, గోల్‌కీపరు ఇంటికి పట్టుకెళ్ళి కాల్చుకున్నాడు!"

కొట్టంతా నవ్వింది. ఎర్మెలింద నవ్వలేదు.

"అదెరీతూ, ఆ ఏడాది నీ పద్నాలుగో నంబరు చొక్కా ముప్ఫైసార్లు నా చేతికొచ్చింది. ఇరవై తొమ్మిదిసార్లు మడత కూడా నలగలేదు. ఆటలోకి దిగకుండా బెంచీ మీద కూర్చుంటే మట్టెక్కడిది?"

అదెరీతు కప్పు దించి లేచాడు. పేరు పిలవకపోతే చప్పుడు చేయకుండా తప్పుకోవడం పదకొండు క్లబ్బుల్లో అలవాటైన పనే.

"కూర్చో," అందామె. "ముప్ఫయ్యోసారి, ఆ వానలో, ఆఖరి ఆరు నిమిషాలు ఆడావు. ఛాతీ నుంచి కాలరు దాకా మట్టే. మూడుసార్లు నీళ్ళు మార్చినా మరక పోలేదు." బల్ల కింది నుంచి చొక్కా తీసి పరిచింది.

అదెరీతు ఆ మరక మీద వేలు పెట్టాడు.

"గోలు కాదక్కా," అన్నాడు మెల్లగా. "మన గోలు గీత దగ్గర బంతికి అడ్డం పడ్డాను."

"నాకు తెలుసు. ఆ రోజు మనం ఓడలేదు." సుత్తి అతని చేతిలో పెట్టింది. "మేకు నువ్వే కొట్టు. చిన్నగా కొట్టు నాయనా, లేకపోతే గోడ కూడా చిరిగిందని రేపు చెప్తావు."