తడి తోలు మీద రెండు గాట్లు

హలో… ఆ, నేనేనండీ అత్తయ్యా, మీ కోడల్ని.

లేదు లేదు, ఏం కాలేదు. బుడ్డోడు బాగానే ఉన్నాడు. ఇదిగో, నా పక్కనే చొంగ కార్చుకుంటూ కూర్చున్నాడు.

ఊరికే చెయ్యకూడదా ఏంటి? …సరే, ఊరికే చెయ్యలేదు. తోళ్ల కొట్లోనే ఉన్నారా? నిలబడ్డారా? …ఓసారి కూర్చోండి.

ఆ ఒర లేదూ… నాటకాల కంపెనీ వాళ్లది, కొయ్య పిస్తోలు పెట్టుకోడానికి… దాన్ని కొరికేశాడు.

ఇంకెవరు, మీ మనవడే. మీ అబ్బాయి కొరుకుతాడా?

లేదు, రంగింకా వెయ్యలేదు. నూనె కూడా రాయలేదు. ఒట్టి నీళ్ల తడే. …నాకూ అదే భయం, నోరంతా కడిగేశా. తుడిచి మళ్లీ కడిగా. …ఊడలేదు, ముక్క కూడా ఊడలేదు, వెతికి చూశా. డాక్టరమ్మకి ఫోన్ కూడా చేశా. "ఏం కాదు గానీ, ఇవాళ్టికి ఇంక ఫోన్ చెయ్యకు తల్లీ" అంది. …పొద్దున్న కూడా చేశాలెండి. అది వేరే విషయం.

చెప్తున్నా కదా… తోలు తడిపి, గుడ్డ చుట్టి ఉంచా. మీరు చెప్పినట్టే, తడికి నల్లబడ్డ తోలు మళ్లీ తన రంగుకి వచ్చేదాకా ముట్టుకోలేదు. తీగంతా కత్తితో గీశా, ఆకులకి అచ్చులు కొట్టా. …బాగానే వచ్చింది, నా నోటితో నేను చెప్పుకోకూడదు గానీ. ఇంతలో పాలు పొంగుతున్నాయని అటెళ్లా. ఒరని పీట మీదే వదిలేసి—

తప్పే. పీట మీద పెట్టడం తప్పే. వాడు పాకుతాడని నాకూ తెలుసు, వాడికీ తెలుసు.

అంచున అయితే బాధే లేదు, కుట్టులో దాచేదాన్ని. నట్టనడుమ. "ఇక్కడ ఏం చెక్కకు, చూసే కంటికి తెరిపి కావాలి" అని మీరు వేలు పెట్టి చూపించలేదూ… సరిగ్గా అక్కడ. చోటు ఎంచుకుని మరీ కొరికాడు.

ఎన్ని గాట్లంటే… ఉండండి, కిటికీ దగ్గర పెట్టి చూస్తా. …రెండు. పక్కపక్కనే. బియ్యపు గింజలంత.

…ఏంటత్తయ్యా?

పళ్లెక్కడివంటారా… అవును కదా. వాడికి పళ్లు లేవు కదా. బోసినోటితో కొరికితే గాటెలా పడుతుంది?

ఆగండి. ఏరా, ఆ అను… ఆ… అబ్బ. కొరికాడు వెధవ. …ఉన్నాయి అత్తయ్యా. కింది చిగుళ్లలో రెండు. కంటికి ఆనట్లేదు, వేలికి గరుగ్గా తగులుతున్నాయి. రోజూ టార్చి వేసి వెతుకుతున్నా, నాకు దొరకలేదు. తోలుకి దొరికాయి.

ఏడవట్లేదు… జలుబు. …ఏడిస్తే ఏమైందిలెండి. ఎదురింటావిడ రోజూ వచ్చి, "మావాడికి ఎప్పుడో వచ్చేశాయి, మీవాడికి ఇంకా రాలేదేం" అని దీర్ఘాలు తీస్తుంటే… పొద్దున్న డాక్టరమ్మకి చేసిందీ దానికే.

కొట్లో ఎవరికీ చెప్పకండి, దిష్టి— చెప్పేశారా. సరే.

పళ్ల సంగతి సరే, ఒర సంగతేంటి? రేపు పొద్దున్నే గుండీలాయన వస్తాడు. …ఆయనే, కంపెనీలో బట్టలూ బెల్టులూ చూసే ఆయన, ప్రతి గుండీ లాగి చూస్తాడే. ఆయన కంట పడకుండా ఉంటుందా? ఇది నచ్చితే బెల్టులన్నీ నాకిస్తానన్నాడు. మీకు కాదు, నాకు. ఇన్నాళ్లూ చెక్కింది మీరేగా, నేను అంచులు కుట్టాను.

చెంచా వెనక్కి తిప్పి రుద్దా. …రుద్దకూడదని ఇప్పుడు చెప్తే ఏం లాభం? గాటు పోలేదు. చుట్టూ మాత్రం బట్టతలలా మెరుస్తోంది.

కొత్త తోలు ముక్కా? …సాయంత్రం బస్సుకి వచ్చేస్తారా. వచ్చి మీరే చెక్కేస్తారా.

అత్తయ్యా, ఒక్క మాట. మీరు చెక్కితే అది మీ ఒర. ఆయన కళ్లు మూసుకుని పట్టుకెళ్తాడు. బెల్టులు కూడా మీకే ఇస్తాడు. నేను మళ్లీ సూదీ దారం పట్టుకోవాలి.

కోపం కాదు. మీ మీద కోపం వస్తే నాకు అన్నం సయిస్తుందా? మధ్యలో బడి మానేసి వచ్చినదాన్ని కూర్చోబెట్టి, చేతికి సుత్తి ఇచ్చింది మీరే. ఇచ్చిన చేత్తో లాక్కోకండి, అంతే.

ఏం చేస్తానంటే… ఆ గాట్లని మొగ్గ చేసేస్తా. చుట్టూ సన్నగా గీసి, చిన్న కాడ తీసి, తీగకి కలిపేస్తా.

ఒక్క మొగ్గే ఉంటే అతుకేసినట్టు ఉంటుంది… అదీ నిజమే. అయితే తీగ పొడుగూతా వేస్తా. …అంత సన్న అచ్చు మన దగ్గర లేదు, అదీ నిజమే. అన్నీ నిజాలే చెప్తారు మీరు. వీడితోనే కొరికిస్తేనో? …నవ్వకండి, అడిగి చూస్తా. ఇదిగో నాన్నా, ఈ తుక్కు ముక్క… ఆ… మొహం తిప్పేసుకున్నాడు. అవసరానికి అందకపోవడంలో అచ్చం మీ అబ్బాయే.

అచ్చుకి బదులు మేకా? …మేకు కొస ఆకురాయితో అరగదీయాలా. ఆ, రెండూ ఇక్కడే ఉన్నాయి. ఫోన్ పక్కన పెడుతున్నా, కట్ చెయ్యకండి…

…ఆ, వచ్చా. కాస్త ఎక్కువ అరిగింది. బియ్యపు గింజ జీలకర్ర అయింది. …పర్లేదా? సరే, ముందు తుక్కు ముక్క మీదే. వినండి.

…చప్పుడు వినే తడెక్కువని చెప్పేస్తారా? నిజమే, నీళ్లూరాయి. కాసేపు ఆరనిస్తా.

…ఇప్పుడు చెంపకి ఆనించా. చల్లగా ఉంది, తడి అంటట్లేదు. ఇది వినండి… ఆ, నాకూ తెలిసింది తేడా.

అసలు ఒర తీశా. కాడలన్నీ గీసేశా. మీరేం మాట్లాడకండి, వినండి చాలు.

మొదటి మొగ్గకి ఒకటి కొట్టా.

…ఇంకోటి.

ఎలా ఉంది?

తప్పు పట్టడానికేం దొరకలేదా… మీకా.

బస్సెక్కండి, నేనెందుకు వద్దంటాను? మనవణ్ణి ఎత్తుకోండి, ఆడించండి, మీ ఇష్టం. సుత్తి జోలికి మాత్రం రావద్దు.

…సరేనన్నారు. అనలేదనకండి రేపు. ఉంటానత్తయ్యా, మిగతా మొగ్గలు కొట్టాలి, తోలు ఆరిపోతోంది.